ఇంటి బాయిలర్ సొంతంగా నేర్చుకుందాం – 3వ పాఠం: రిలీఫ్ వాల్వు కారితే తప్పెవరిది?

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? పొద్దున్నే బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి ప్రెషర్ గేజి చూసి రాసుకోమన్నాను. రాసుకోని వాళ్లు ముందు అది చేసి రండి, ఇవాళంతా ఆ రెండు అంకెల మీదే నడుస్తుంది.

మాది న్యూజెర్సీలో పాత ఇల్లు, రెండంతస్తులు, బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబరిచే గ్యాస్ బాయిలర్, గదుల్లో గోడల వెంట వేడినీళ్లు తిరిగే బేస్‌బోర్డులు. కొన్న మొదటి చలికాలంలోనే రిలీఫ్ వాల్వు (ప్రెషర్ మరీ పెరిగితే నీళ్లు బయటికి వదిలేది) పైపు కింద నేల తడిసి కనిపించింది. వాల్వు పోయిందనుకుని కొత్తది వేయించాను. రెండు వారాలకు మళ్లీ అదే తడి. పాపం వాల్వు తప్పేం లేదు, దాని పని అది చేస్తోంది, నేనే అర్థం చేసుకోలేదు.

వేడినీళ్ల బాయిలర్‌కు ఇళ్లలో వాడే రిలీఫ్ వాల్వు మామూలుగా 30 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గర తెరుచుకుంటుంది. మన ప్రెషర్ కుక్కర్‌కు సేఫ్టీ ప్లగ్ ఎలాగో దీనికి ఇది అలాగ. రెండంతస్తుల ఇంటికి చల్లగా ఉన్నప్పుడు 12 పీఎస్ఐ చాలు. ఒక్కో పీఎస్ఐ నీళ్లను 2.31 అడుగులు పైకి నిలబెడుతుంది కాబట్టి 12 అంటే దాదాపు 28 అడుగులు, పై అంతస్తు దాకా వెళ్లి ఇంకా మిగులుతుంది. వేడెక్కితే నీళ్లు ఉబ్బుతాయి. ఆ ఉబ్బిన నీళ్లకు చోటిచ్చేదే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. లోపల రబ్బరు పొర, పొరకు ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు గాలి. పొర చిరిగినా, గాలి తగ్గిపోయినా ఉబ్బిన నీళ్లకు చోటుండదు, గేజి ముల్లు ఎగబాకుతుంది, వాల్వు కక్కుతుంది.

ఇప్పుడు మీ అంకెలు తీయండి. చల్లగా 12, వేడిగా 18–20 ఉంటే అంతా బాగున్నట్టే. చల్లగా 12 ఉండి వేడెక్కగానే 28, 30కి పోతుంటే అనుమానం ట్యాంకు మీద. అలా కాకుండా బాయిలర్ ఆపేసి ఉన్నా గంటగంటకూ కొంచెం కొంచెం పెరుగుతుంటే నీళ్లు ఎక్కడి నుంచో లోపలికి వస్తున్నాయని అర్థం. వేడితో పెరుగుతోందా, టైముతో పెరుగుతోందా? ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నాకు ఒక వాల్వు ఖర్చు మిగిలేది.

ట్యాంకు చూద్దాం. దాని అడుగున కారు టైరుకు ఉన్నట్టే చిన్న వాల్వు ఉంటుంది. మూత తీసి మధ్యలో పిన్ను ఒక్క క్షణం నొక్కండి. గాలి వస్తే సరే, నీళ్లొస్తే పొర చిరిగినట్టే, ట్యాంకు మార్చాల్సిందే. నేను నొక్కినప్పుడు తుప్పు రంగు నీళ్లు నేరుగా చొక్కా చేతి మీదకు చిమ్మాయి, ఆ మరక ఇప్పటికీ పోలేదు.

గాలే వచ్చినా టైరు గేజి పెట్టేసి 12 చూపిస్తోందని సంబరపడకండి. అందరూ పొరపడేది ఇక్కడే. అవతల నీళ్ల ప్రెషర్ 12 ఉంటే అది పొరను నెడుతూ ఉంటుంది, గాలి కూడా 12 అనే చూపిస్తుంది, లోపల గాలి సగం పోయినా సరే. అందుకని ముందు స్విచ్ ఆపి, బాయిలర్ బాగా చల్లారనిచ్చి, నీళ్లు వచ్చే ఫీడ్ లైను మూసి, డ్రెయిన్ కాక్ నుంచి నీళ్లు వదిలి బాయిలర్ గేజిని సున్నాకు తేవాలి. అప్పుడు కొలిస్తేనే అసలు లెక్క. తక్కువుంటే సైకిల్ పంపుతో 12కు కొట్టండి. కొన్ని పాత ఇళ్లలో సీలింగ్ కింద దూలాల మధ్య పొడుగాటి ఇనుప ట్యాంకు వేలాడుతుంటుంది, దానికి పొరా లేదు ఈ పిన్నూ లేదు, అది వేరే కథ, వచ్చే పాఠంలో చెప్తాను.

టైముతో పెరిగేవాళ్లు రాత్రి ఫీడ్ లైను మూసి పొద్దున చూడండి. పెరగకపోతే ఫీడ్ వాల్వు (ఆ లైన్లో ఊరి నీళ్ల ప్రెషర్ తగ్గించి బాయిలర్‌లోకి వదిలేది) లోపల్లోపల కారుతోంది. మూసినా పెరిగితే, బాయిలర్ లోపలే స్నానానికి నీళ్లు కాచే కాయిల్ ఉందేమో చూడండి. దాంట్లో ఊరి నీళ్లు 50, 60 పీఎస్ఐ మీద ఉంటాయి, సూది బెజ్జమంత చిల్లు పడినా బాయిలర్‌లోకి దూరిపోతాయి. పరీక్ష అయ్యాక ఫీడ్ తెరవడం మర్చిపోకండి, ఎక్కడైనా లీకుంటే బాయిలర్ ఎండిపోతుంది.

గేజి 20 దాటకుండానే వాల్వు కారుతోందా? అయితే గేజి అబద్ధం చెప్తోంది, లేదా వాల్వు సీటు మీద, అంటే అది మూసుకుని ఆనే చోట, చెత్త ఇరుక్కుంది. డ్రెయిన్ కాక్‌కు ఇంకో గేజి బిగించి చూస్తే తేలిపోతుంది. వాల్వు మీది లివరెత్తి కడిగేద్దామని మాత్రం రాత్రి పది గంటలకు మొదలుపెట్టకండి, పాత వాల్వు ఒకసారి తెరిస్తే మళ్లీ సరిగ్గా మూసుకోకపోవచ్చు. వాల్వు మార్చాల్సొస్తే మళ్లీ 30దే, ట్యాగు మీద బీటీయూ (వేడి కొలత) అంకె మీ బాయిలర్‌ది కన్నా తగ్గకూడదు. పక్కనున్న వాటర్ హీటర్ వాల్వు 150 పీఎస్ఐది, అది తెచ్చి దీనికి బిగించకండి.

ఇంకొకటి. మా ఇంట్లో ముందున్నవాళ్లెవరో ఆ కారే పైపుకు ఒకప్పుడు మూత బిగించిన స్క్రూ మరల గుర్తులు చూసి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. కారితే బకెట్ పెట్టండి, మూత మాత్రం వద్దు.

ఈ వారం పని: మీ ట్యాంకు ఏ రకమో చూసి, స్విచ్, ఫీడ్ వాల్వు, డ్రెయిన్ కాక్ ఎక్కడున్నాయో మూడింటికీ చీటీలు కట్టండి.