ఉబుంటు మనంతట మనం, 4వ పాఠం: అప్‌డేట్‌కి కళ్లెం

పోయినసారి టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరవడం, పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనబడకపోయినా కంగారు పడకుండా ఎంటర్ నొక్కడం చూశాం కదా. ఈసారిది నాకు బాగా కాలిన విషయం.

పర్లాకిమిడిలో నా జెరాక్స్ షాపు సిస్టం పాతది, 4 జీబీ ర్యామ్. అందులో విండోస్ బదులు నడిచే ఉబుంటుని బుద్ధి గడ్డి తిని ఒక రాత్రి 20.04 వెర్షన్ నుంచి 22.04కి ఎక్కించా, తెల్లారితే స్కాలర్‌షిప్ ఫారాలకి ఆఖరి రోజు, గుమ్మం దాకా పిల్లలు, ఫైర్‌ఫాక్స్ నొక్కితే గుండ్రం తిరుగుతానే ఉంది. వెనకాల నించున్న పెద్దాయన "ఏటి బాబూ, నీ పెట్టె ఇంకా నిద్దర లేవలేదేటి?" అన్నాడు.

జరిగిందేంటంటే 22.04లో ఫైర్‌ఫాక్స్ డెబ్ ప్యాకేజీ (ఉబుంటులో ప్రోగ్రాంలు వచ్చే పాత పద్ధతి) పోయి స్నాప్ అయిపోయింది. స్నాప్ అంటే కావలసిన సరంజామా అంతా కుక్కి నొక్కేసిన మూట, పాత హార్డ్‌డిస్కు మీద మొదటిసారి విప్పడానికి ఆయాసపడుతుంది. ఆప్ట్ ఇన్‌స్టాల్ (టెర్మినల్‌లో ప్రోగ్రాం ఎక్కించే మామూలు కమాండ్) కొట్టినా వచ్చేది స్నాపే, డెబ్ పేరుతో ఉన్నది ఉత్త డొల్ల. 2011లో 11.04తో యూనిటీ అనే డెస్క్‌టాప్‌ని నెత్తినెట్టి, 17.10లో మళ్లీ గ్నోమ్ డెస్క్‌టాప్‌కే తీసుకెళ్లినోళ్లు ఈ ఉబుంటు వాళ్లు, అలవాటయ్యే లోపు మార్చేయడం కొత్తేం కాదులెండి.

సరే, పనిలోకి. కమాండ్లు నేను తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ముందు "స్నాప్ లిస్ట్" కొడితే ఏవేవి స్నాప్‌లో తెలుస్తాయి. ఇవి రోజుకి నాలుగుసార్లు వాటంతటవే అప్‌డేట్ వెతుక్కుంటాయి, ఫైర్‌ఫాక్స్ తెరిచి ఉంటే "ఇంకా 13 రోజులు, మూసేయండి" అని బెదిరిస్తాయి కూడా.

ఆపాలంటే: "సుడో స్నాప్ రిఫ్రెష్", ఖాళీ, రెండు హైఫన్లు, వాటికి ఆనించి "హోల్డ్", ఈక్వల్ గుర్తు, 72, చిన్న హెచ్ (72 గంటలన్నమాట), మళ్లీ ఖాళీ, "ఫైర్‌ఫాక్స్". హైఫన్లకీ హోల్డ్‌కీ మధ్య ఖాళీ పెట్టారో ఎర్రర్. అయ్యాక స్నాప్ లిస్ట్ చూస్తే ఆ వరస చివర్న "హెల్డ్" అని పడాలి, పడకపోతే మీ స్నాప్ 2.58 కన్నా పాతదేమో చూడండి. గంటలు చెప్పకపోతే శాశ్వతంగా ఆగిపోద్ది, బ్రౌజర్‌కి అలా చెయ్యొద్దు, సెక్యూరిటీ ప్యాచులు రావు. ముందే వదలాలంటే హోల్డ్ బదులు "అన్‌హోల్డ్", గంటలు తీసేసి.

ఇంటిపని: "స్నాప్ చేంజెస్" కొట్టి, ఈమధ్య మీకు చెప్పకుండా ఏం మారాయో కాగితం మీద రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో వాటిల్లో ఒకదాన్ని వెనక్కి తిప్పుదాం.