సింగపూర్ షాపింగా? పెట్టె ఇచ్చేముందే రీఫండ్
నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి సింగపూర్ ఫ్లైట్ ఎక్కేవాళ్లకు ఒక మాట. అక్కడ ధరలోనే 9 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. టూరిస్టులకు అందులో చాలావరకు వెనక్కి ఇస్తారు, కానీ అన్ని షాపుల్లోనూ కాదు. ముందే అడగండి. బిల్లు కనీసం 100 సింగపూర్ డాలర్లు ఉండాలి; ఒకే రోజు ఒకే షాపులో చేసిన మూడు బిల్లుల దాకా కలుపుకోవచ్చు. ఒరిజినల్ పాస్‌పోర్ట్ చూపించాలి, జిరాక్స్ చెల్లదు.

అసలు తిరకాసు తిరిగొచ్చేటప్పుడు సింగపూర్ ఛాంగీ ఎయిర్‌పోర్టులో. మనవాళ్లు సూట్‌కేసు చెక్-ఇన్‌లో వేసేసి, ఖాళీ చేతులతో రీఫండ్ మెషీన్ దగ్గరికి వెళ్తారు. కస్టమ్స్ వాళ్లు సరుకు చూపించమంటే ఏం చూపిస్తారు? కొన్నవి పెట్టెలో ఉంటే, ఛాంగీలో లగేజీ ఇవ్వకముందే చెక్-ఇన్ హాల్లోని రీఫండ్ మెషీన్ దగ్గర పని పూర్తి చేసుకోండి. హోటల్ గదికీ, తిన్న బిర్యానీకీ మాత్రం పైసా రాదు.