కార్డుల పెట్టె చేయిస్తున్నారా? ఈ కొలతలు చూసుకోండి

ఆఫీసు రికార్డు కార్డులకి చెప్పుల డబ్బాలు వాడేవాళ్లు చాలామందే ఉంటారు. మేమూ అంతే. ఒకరోజు బీరువా మీంచి దించుతుంటే అడుగు ఊడి కార్డులన్నీ నేలపాలయ్యాయి. మళ్లీ వరసలో పెట్టేసరికి సాయంత్రమైంది.

తర్వాత వడ్రంగితో చేయించాం. 5×3 అంగుళాల కార్డు వెడల్పు 127 మి.మీ., కాబట్టి పెట్టె లోపలి వెడల్పు 132 దాకా ఉంచండి. ఇంకా వదులైతే కార్డులు అడ్డం తిరుగుతాయి, బిగుతైతే అంచులు నలుగుతాయి. ప్లైవుడ్ 9 మి.మీ.ది చాలు. మూలలకి ఉత్త మేకులొద్దు, జిగురు రాసి స్క్రూలు బిగించమనండి.

అసలు కిటుకు వెనకాల ఉంది: కార్డులు ఆనుకోడానికి ఏటవాలు చెక్కముక్క. దాన్ని ముందుకీ వెనక్కీ జరిపేలా పెట్టిస్తే, పెట్టె సగమే నిండినా కార్డులు వంగిపోవు. ముందు పలక కార్డులో సగం ఎత్తుంటే చాలు, వేలితో వాల్చి చదవాలిగా!

పాత లైబ్రరీ కేటలాగు సొరుగుల్లోలా కార్డుల అడుగున చిల్లు పెట్టి సన్న ఇనుప కడ్డీ దూర్చారంటే, పెట్టె బోర్లాపడినా వరస చెడదు. నిండా మాత్రం కుక్కొద్దు. ముప్పాతిక దాటిందా, రెండో పెట్టెకి ఆర్డరిచ్చేయండి.