శ్రావణం రాకముందే చెబుతున్నా, వెండి రూపాయిని తోమకండి

మొన్న కందుకూరులో తెలిసినవాళ్ల ఇంటికి గ్రేడింగ్ నుంచి, అంటే నాణెం స్థితి చూసి నంబర్ వేసి డబ్బాలో పెట్టిచ్చే సంస్థ నుంచి, నాణెం తిరిగొచ్చింది. 1938 నాటి ఆరో జార్జి వెండి రూపాయి. తాతగారు బీరువాలో దాచింది, పెద్దగా చేతులు మారలేదు. మంచి నంబర్ వస్తుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూశారు. తీరా చూస్తే ప్లాస్టిక్ డబ్బాలోని చీటీ మీద నంబరే లేదు. 'అన్‌సర్క్యులేటెడ్ డీటెయిల్స్, క్లీన్డ్' అని మాత్రం ఉంది. చెలామణిలో అరగలేదు గానీ తోమేశారు అని దానర్థం. పంపే ముందు రోజు ఇంట్లో పెద్దావిడ "ఇంత నల్లంగా ఉన్నదాన్ని అట్నే పంపిస్తే ఏం బాగుంటదయ్యా" అని చింతపండు పెట్టి తోమి, పైన విభూతితో రుద్దారట. ఫీజు పోయింది, ధర పోయింది. నాణెం మాత్రం తళతళలాడుతోంది.

శ్రావణమాసం దగ్గరపడుతోంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లల్లో పాత వెండి రూపాయిలకు అసలు గండం వరలక్ష్మీ వ్రతం ముందు రోజే. నాణేన్ని అంచులతో పట్టుకోవాలి, కింద మెత్తటి గుడ్డ పరుచుకోవాలి లాంటివి అందరికీ తెలుసు, వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్కటే. తోమకండి.

ఎందుకంటే, టంకశాలలో అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచుల వైపు పాకుతుంది. అలా పాకినప్పుడు పైన కంటికి ఆనని సన్నటి గీతలు ఏర్పడతాయి. లస్టర్ అనేది వాటి వల్ల వచ్చే మెరుపే. ఒంటి బల్బు కింద నాణేన్ని కాస్త వాల్చి మెల్లగా తిప్పితే వెలుగు చారలు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతాయి. చింతపండు పులుపు ఆ గీతల్ని తినేస్తుంది. విభూతి, పీతాంబరి లాంటి పొడులు మిగిలినవాటిని అరగదీసి కొత్త గీతలు పెడతాయి. తోమిన రూపాయిని అదే బల్బు కింద పెట్టి చూడండి. వెలుగు తిరగదు, అంతటా ఒకేలా కొడుతుంది. రాజుగారి చెంప మీద, వెనక ఖాళీలో, ఒకే దిక్కుకు పోయే వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. మీకే కనిపించినవి, రోజంతా లెన్స్ పట్టుకుని కూర్చునే గ్రేడర్‌కు కనిపించవా?

నలుపు జబ్బు కాదు. గాలిలోని గంధకం తగిలి వెండి మీద ఏర్పడే పొర. అది సమంగా పట్టి, అంచుల్లో నీలం, రాగి ఛాయలు తేలిన నాణేనికి ఎక్కువ ధర పెట్టేవాళ్లు కూడా ఉన్నారు.

గ్రేడింగ్ చేసే సంస్థల్లో 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో మొదలైన ఎన్‌జీసీ, రెండూ అమెరికావే. రెండూ 1 నుంచి 70 దాకా ఉండే షెల్డన్ స్కేల్ మీదే నంబర్ వేస్తాయి. 60 నుంచి పైవన్నీ చెలామణిలోకి వెళ్లని నాణేలకు. బాగా అరిగిపోయిన నాణేనికైనా 12 అనో 20 అనో నంబర్ వస్తుంది. తోమినట్టు తేలితే అదీ రాదు. అరుగుదలను క్షమిస్తారు, తోమడాన్ని క్షమించరు.

"మా కంసాలి జాగ్రత్తగా పాలిష్ పెడతాడండీ" అంటారు. పళ్లేలకు పెట్టించుకోండి. టూత్‌పేస్ట్, వంటసోడా, అల్యూమినియం రేకు వేసిన వేడినీళ్లు, షాపులో అమ్మే సిల్వర్ డిప్ (వెండిని ముంచితే నలుపు పోయే ద్రావణం), ఏదైనా ఒకటే. ఎన్‌జీసీకి అనుబంధంగా ఎన్‌సీఎస్ అని నాణేలను శుభ్రం చేసే సంస్థ ప్రత్యేకంగా ఉంది. జిగురు, ప్లాస్టిక్ జిడ్డు లాంటివి అంటి ఉంటే వాళ్లకు వదిలేయండి. తోమి పాడుచేసినదాన్ని మాత్రం వాళ్లూ మునుపటిలా చేయలేరు.

పాత సొత్తుకు విలువ కట్టడం చేతకాక పోగొట్టుకోవడం మన ప్రాంతానికి కొత్తేం కాదు. 1786లో నెల్లూరు దగ్గర దున్నుతున్న రైతుకు పాత గుడి శిథిలాల కింద ఓ కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హాడ్రియన్, రాణి ఫౌస్టినా బొమ్మలున్నవి. పాత బంగారం లెక్కన అమ్మేశాడు, చాలా నాణేలు కరిగిపోయాయి. ఇప్పుడు అలా దొరికితే, విలువ పది రూపాయలు దాటితే చాలు, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలపాలి.

ఇంకో చట్టం అంతకంటే ముఖ్యం. వందేళ్లు నిండిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. దాన్ని దేశం దాటించకూడదు. కలశం దగ్గర పెట్టే విక్టోరియా రూపాయిలన్నీ, ఎడ్వర్డ్‌వీ, ఐదో జార్జివి చాలావరకూ ఇందులోకే వస్తాయి. వాటిని గ్రేడింగ్‌కు "మావాడు సూట్‌కేసులో అమెరికా పట్టుకెళ్తాడు" అనే ఏజెంటుకు దణ్ణం పెట్టి పంపేయండి.

ఇక మిగతావి. పూజకు కొత్త వెండి బిళ్ల కొనుక్కోండి, పాతదాన్ని బయటికే తీయకండి. తడి పసుపు, కుంకుమ తగలనివ్వకండి. మెత్తటి పీవీసీ కవర్లలో ఉంటే ఈరోజే తీసేయండి, వాటి నుంచి పచ్చటి జిడ్డు కారి నాణేన్ని తింటుంది. మైలార్ (పీవీసీ లేని పాలిస్టర్ ప్లాస్టిక్) కవర్లు వాడండి. రబ్బర్‌బ్యాండ్ వద్దు, అందులోనూ గంధకమే. టేపు నాణేనికి తగలకూడదు. పంపే ముందు తూకం వేయండి. 1938 రూపాయి 11.66 గ్రాములు ఉండాలి, బాగా తేడా వస్తే ఫీజు దండగ చేసుకోకండి. 1947 రూపాయి అయస్కాంతానికి అంటుకుంటే భయపడకండి, అది నికెల్. 1818 అని వేసి రాముడి బొమ్మో హనుమంతుడి బొమ్మో ఉన్న ఈస్టిండియా కంపెనీ నాణెం పంపకండి, కంపెనీ అలాంటిది వేయనే లేదు. బియ్యాన్ని లాగే మహిమ గల నాణెం అని ఎవడైనా వస్తే అది మోసం, పోలీసులకు చెప్పండి. పాత నాణెం కొంటామని రిజర్వ్ బ్యాంక్ పేరుతో ఛార్జీలు అడిగితే ఒక్క రూపాయి కట్టకండి, ఇది మోసమని 2021లో ఆ బ్యాంకే హెచ్చరించింది. ఫీజు కంటే నాణెం ధర తక్కువైతే పంపకండి. రెండు వైపులా ఫొటో తీయండి, అంచు కూడా. కొరియర్ వాళ్లు నాణేలు తీసుకుంటారో లేదో ముందే అడగండి, దాచి పంపితే పోయినప్పుడు క్లెయిమ్ రాదు. కవర్ మీద 'నాణెం' అని రాయకండి. పంపే రోజు పొద్దున "ఒక్కసారి తుడిచి" అనే మాట ఇంట్లో ఎవరు అన్నా వినకండి, గుడ్డతో కూడా వద్దు. డబ్బా తిరిగొచ్చాక దాని మీది సర్టిఫికెట్ నంబర్ సంస్థ సైట్లో కొట్టి చూడండి, నకిలీ డబ్బాలు కూడా తిరుగుతున్నాయి.