తలకు దెబ్బ తగిలిన పిల్లలకు సదరం సర్టిఫికెట్: దరఖాస్తు ఎక్కడ ఆగిపోతోంది?

మొన్న విశాఖలో గాజువాక వైపు నుంచి ఒక తల్లి తొమ్మిదేళ్ల బాబును, వైకల్యం ఎంత శాతమో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు తీసుకొచ్చింది. బండి మీద నుంచి పడి ఏడాది దాటింది. బాబు నడుస్తాడు, మాట్లాడతాడు. కానీ అన్నం తిన్న పది నిమిషాలకే "అమ్మా, నేను తిన్నానా?" అని అడుగుతాడు. స్లాటేమో ఎముకల డాక్టరుకు పడింది. ఆయన కాళ్లూ చేతులూ చూసి, బాగానే ఉన్నాయన్నారు. ఆమె ఉత్తచేతులతో బస్సెక్కింది.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. మెదడు గాయం అనే పేరు అందులో లేదు. ప్రమాదం, మెదడువాపు, నీళ్లలో మునిగిపోవడం, కారణం ఏదైనా కావచ్చు. డాక్టర్లు కొలిచేది ఆ గాయం ఏం మిగిల్చిందన్నదే. చెయ్యీ కాలూ పడిపోతే శారీరక వైకల్యం. మాట పోతే అది వేరే విభాగం. చదువు, జ్ఞాపకం, తెలివి దెబ్బతింటే మేధో వైకల్యం. రెండు మూడు కలిస్తే బహుళ వైకల్యం. స్లాట్ తీసుకునేటప్పుడు ఈ రకం సరిగ్గా చెప్పాలి.

స్లాట్ తీసుకోవడం తేలికే. వార్డు సచివాలయంలోగానీ మీసేవలోగానీ పిల్లల ఆధార్, ఫోన్ నంబరు ఇస్తే చాలు. ఆధార్‌లో ఏ జిల్లా ఉందో ముందే చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి వేరే జిల్లా అయింది, పాత చిరునామాలతో ఇబ్బంది పడేవాళ్లు ఇంకా ఉన్నారు. గాయమై ఆరు నెలలు దాటాకే వెళ్లండి. నరాల సంబంధిత లోపాలను మామూలుగా అప్పుడే లెక్కిస్తారు.

స్లాట్ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అందరూ డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే పట్టుకెళ్తారు. అందులో "స్పృహలో ఉన్నాడు, పరిస్థితి నిలకడగా ఉంది" అని ఉంటుంది. అది ఆస్పత్రి నుంచి పంపించిన రోజు సంగతి. కాబట్టి చూస్తున్న న్యూరో డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి, ఇప్పుడు పిల్లాడికి ఏవి రావడం లేదో తాజాగా ఓపీ చీటీ మీద రాయించుకోండి. స్కాన్ రిపోర్టులు జత చేయండి. బడిలో టీచరు ఇచ్చే ఉత్తరం, దెబ్బకు ముందూ తర్వాతా మార్కుల కార్డులు కూడా పెట్టుకోండి. డాక్టరు అడగకపోయినా చూపించండి.

మేధో వైకల్యం అయితే సైకాలజిస్టు పరీక్ష ఉంటుంది. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు రమ్మన్నారని కొందరు తల్లిదండ్రులు సిగ్గుపడి మానేస్తున్నారు. దయచేసి వెళ్లండి, అక్కడ జరిగేది పరీక్షే. ఐక్యూతో పాటు, పిల్లాడు రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటాడని తల్లిని అడుగుతారు. "స్నానం వాడే చేస్తాడా?" అంటే "చేస్తాడండీ" అనేస్తారు. నీళ్లు పెట్టేది, సబ్బు ఇచ్చేది, తలుపు దగ్గర నిలబడి చెప్పేది తామేనన్నది నోటికి రాదు. బిడ్డను తక్కువ చేసి చెప్పడానికి ఏ తల్లికీ మనసొప్పదు. 2018 మార్గదర్శకాల్లో ఈ రోజువారీ పనుల స్కోరు 70 నుంచి 84 మధ్య ఉంటే 25 శాతం, 55 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతం అని ఉండేది. పింఛనుకు కావాల్సిన 40 శాతం గీత ఆ రెండింటి మధ్యే ఉంది. ఎక్కువ చెప్పొద్దు, దాచనూ వద్దు. వారం రోజులు ఏ పనికి ఎంత సాయం చేశారో కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఆస్పత్రి గేటు బయట "శాతం నేను వేయిస్తా" అనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. శాతం వేసేది డాక్టర్లు.

40 శాతం, ఆపైన వస్తే ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 పింఛనుకు సచివాలయంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, కుటుంబ అర్హతలు వేరుగా చూస్తారు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. ఫిజియోథెరపీకి, చదువుకు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో అడగండి. సర్టిఫికెట్ మీద తాత్కాలికం అని ఉంటే గడువు తేదీ గుర్తుంచుకోండి, అది దాటకముందే మళ్లీ స్లాట్ తీసుకోవాలి. శాతం తప్పు పడిందనిపిస్తే గడువులోగా అప్పీలు చేసుకోవచ్చు. అందుకే ఆ రోజు ఇచ్చిన ప్రతి చీటీకీ జిరాక్స్ తీసి పెట్టుకోండి.