ఆదివారం హాస్టల్ నుంచి ఫోన్ వస్తే

విజయవాడలో ఇంటర్ హాస్టల్ వార్డెన్‌ని. ఆదివారం ఫోన్ల దగ్గర నిలబడి రోజూ పిల్లల్ని చూసే మనిషిగా, వాళ్ల మనసు బాగోగుల గురించి అమ్మానాన్నలకు చెబుతున్నా.

ముందు మార్కులు అడక్కండి. "నిద్ర పడుతోందా నాన్నా?" అని అడగండి. ప్రతి వారం కడుపునొప్పి అంటుంటే, స్నానం మానేసి మధ్యాహ్నం కూడా దుప్పటి ముసుగులోనే ఉంటుంటే దాన్ని బద్ధకం అనుకోవద్దు. రెండు వారాలు అలాగే ఉంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి" అన్నారో, వాడు ఇక నోరు విప్పడు.

అనుమానం ఉంటే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా చూడమని మాకు చెప్పి, ఆ పూటే బయల్దేరండి.

దారిలోనే 14416కి చేయండి. అది 2022లో కేంద్రం పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

"పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారట" అని చుట్టాలు అంటారనే భయంతోనే నెలలు గడిపేస్తారు. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. మందులు రాస్తే మీ అంతట మీరు ఆపకండి. తిరిగి పంపేటప్పుడు నాకు చెప్పండి, మాత్రల వేళ నేను చూసుకుంటాను.