కమ్మరి కొట్టిన కత్తికి తోలు ఒర కుట్టుకునే పద్ధతి

మా పలమనేరు వైపు ఊళ్లో మాకు వరసకు మామయ్యే కమ్మరి ఒకాయన పాత లారీ కమాను పట్టాని కాల్చి సాగగొట్టి నాకో కత్తి చేసిచ్చాడు. అలుగు (పిడి బయట ఉండే ఇనుప రేకు) నాలుగున్నర అంగుళాలు, వెన్ను దగ్గర మందం 4 మిల్లీమీటర్లు, పిడి చింతకర్ర, దానికి రెండు ఇత్తడి రివెట్లు. ఇస్తూ "అల్లుడూ, గోనెగుడ్డలో చుట్టి పెట్టొద్దు, దీనికి మంచి ఒర చేయించు" అన్నాడు. నేను తొందరపడి పాత హ్యాండ్‌బ్యాగు తోలు రెండు ముక్కలు కోసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చుట్టూ కుట్టేశాను. నెల తిరక్కముందే వాదర (కత్తి కోసే అంచు) తగిలి తగిలి లోపలి దారం తెగిపోయింది, తోటలో కూర్చుని లేస్తుంటే మొన బయటికొచ్చి తొడ మీద గీసుకుంది. ఎక్కువ లోతు దిగలేదు కాబట్టి సరిపోయింది. అది చాలదన్నట్టు వానాకాలంలో ఒరలోనే వదిలేసిన కత్తిని తీసి చూస్తే అలుగు నిండా తుప్పు చుక్కలు, రివెట్ల చుట్టూ పచ్చగా చిలుము.

అందులో జరిగిన తప్పులు రెండే. తోలు సరైనది కాదు, వాదర వైపు రెండు పొరల మధ్య పెట్టే తోలు పట్టీ (మధ్య పట్టీ) లేదు. ఈ రెండూ చూసుకుంటే మిగతాదంతా ఓపిక పని, ఒక ఆదివారం కుట్టడానికి, ఇంకో రోజు ఆరడానికి.

ముందు తోలు సంగతి. బ్యాగులు, సోఫాలు, జాకెట్లకు వాడే మెత్తటి తోలు చాలావరకు క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును (ట్యానింగ్) చేసింది. అది తడిపి నొక్కినా ఆకారం నిలబెట్టుకోదు, అందులో మిగిలే లవణాలు ఇనుముకీ ఇత్తడికీ పడవు. మనకు కావలసింది చెట్టు బెరడుతో పదును చేసిన తోలు. వెనకట మన పల్లెల్లో లందల్లో (తోళ్లు నానబెట్టే తొట్లలో) తంగేడు చెక్క, కరక్కాయ వేసి నానబెట్టి చేసిన తోలు ఇదే. మాకు తమిళనాడు సరిహద్దు దాటితే వాణియంబాడి, ఆంబూరు ఉన్నాయి కాబట్టి అక్కడ ముక్కల లెక్కన దొరుకుతుంది, గుర్రపు జీన్ల పని ఎక్కువగా జరిగే కాన్పూరు నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. అడిగేటప్పుడు "వెజ్ ట్యాన్, 3 మిల్లీమీటర్ల మందం" అని అడగండి. రెండు మిల్లీమీటర్లయితే ఒర డొల్లగా వస్తుంది, నాలుగైతే మడత దగ్గర పగులుతుంది, చేతులూ నొప్పెడతాయి. మీడియం సైజు కత్తికి ఏ4 కాగితమంత ముక్క, నడుముకు తగిలించే పట్టీకి, మధ్య పట్టీకి ఇంకాస్త ఉంటే చాలు.

దుకాణంవాడి మాట మీద వదిలెయ్యకుండా మీరే పరీక్ష చేసుకోవచ్చు. నున్న వైపు ఒక నీటి బొట్టు వెయ్యండి, బెరడు తోలైతే నీళ్లు పీల్చుకుని అక్కడ ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది, తడిచోట గోరుతో నొక్కితే ఆ గీత అలాగే ఉండిపోతుంది. కోసిన అంచు కూడా చూడండి, లోపల నీలం, బూడిద ఛాయ కనబడితే అది చాలావరకు క్రోమ్ తోలే, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

తర్వాత అట్టతో నమూనా. పాత పెళ్లిపత్రిక అట్టో, క్యాలెండరు అట్టో మధ్యకు మడిచి, కత్తి వెన్ను ఆ మడతకు ఆనేలా పెట్టి చుట్టూ పెన్సిలుతో గీయండి. వాదర వైపు ఆ గీత నుంచి ఇంకో 14, 15 మిల్లీమీటర్లు బయటికి రెండో గీత గీయండి. అందులోనే మధ్య పట్టీ, కుట్టు, అంచు అన్నీ పట్టాలి. చాలామంది ఇక్కడే పిసినారితనం చేసి పది మిల్లీమీటర్లతో సరిపెడతారు. అప్పుడు కత్తి బిగుసుకుపోయి లోపలికి దిగదు, దిగినా వాదర కుట్టుకే ఆనుతుంది. ఎక్కువైతే చివర్లో కోసేయొచ్చు, తక్కువైతే తోలు పారేయాల్సిందే. మడత దగ్గర వెన్ను మందం కూడా లెక్కలోకి తీసుకోవాలి, అంటే రెండు సగాల మధ్య 4 మిల్లీమీటర్ల కత్తికి ఒక 5, 6 మిల్లీమీటర్లు ఖాళీ వదిలి రెండో సగం గీయాలి. పైన ఒర పిడిలో మూడోవంతు నుంచి సగం దాకా ఎక్కాలి. అలా ఎక్కితే బటన్, పట్టీ ఏమీ లేకుండానే కత్తి పట్టుకుని ఉంటుంది. అలుగు వరకే కప్పి పైన బటన్ పట్టీ పెడితే కత్తి తీసేటప్పుడల్లా ఆ పట్టీ వాదరకు తగిలి కొంచెం కొంచెం కోసుకుపోతుంది, అందుకే నాకు బటన్ ఒరలు నచ్చవు. అట్టను కత్తిరించి మడిచి, క్లిప్పులు పెట్టి, కత్తి దూర్చి చూడండి. అట్టలో సరిగ్గా రానిది తోలులో అసలే రాదు.

తోలు మీద బాల్‌పెన్నుతో గీయకండి, ఆ గీత పోదు. మొద్దు మేకుతోనో, ఆరె (తోలుకు కన్నాలు పొడిచే పనిముట్టు) మొనతోనో సన్నగా గీత లాగితే చాలు. కోయడానికి కొత్త బ్లేడు వేసిన కట్టర్, కింద చెక్క, ఒకేసారి తెగాలని బలం పెట్టకుండా మూడు నాలుగు సార్లు అదే గీత మీద పోనివ్వండి.

మధ్య పట్టీ. అదే తోలులోంచి 10 నుంచి 12 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ, వాదర వంపును అనుసరించి మొన నుంచి ఒర మూతి దాకా. రెండు పొరల మధ్య కూర్చుని వాదరను తన మీద ఆపుకుని కుట్టు దాకా రానివ్వకపోవడం దీని పని. నా మొదటి ఒరలో దారం తెగింది ఇది లేకనే. పిడి దగ్గరికొచ్చే చివరను ఏటవాలుగా చెక్కి పలచన చేయండి, లేకపోతే మూతి దగ్గర దిమ్మలా లేస్తుంది.

అతికించే ముందు ఒక పని మర్చిపోకూడదు. నడుము బెల్టు దూరే పట్టీని ఒర వెనక భాగానికి ఇప్పుడే కుట్టేయాలి. ఒర మూసుకున్నాక లోపలికి సూది పోదు. బెల్టు వెడల్పు కంటే ఆ సందు 6, 7 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, కుట్టు చతురస్రంగా నాలుగువైపులా వేస్తే ఊడదు. లోపలివైపు వచ్చే దారాన్ని సుత్తితో చదును చేయండి, కత్తి మొన దాన్ని పట్టుకోకుండా.

నల్ల రంగు కావాలనుకుంటే అదీ ఇప్పుడే, జిగురు పెట్టకముందే, ఎందుకంటే జిగురు అంటిన చోట రంగు ఎక్కదు. దీనికి డబ్బా రంగు కొనక్కర్లేదు. తెల్ల వెనిగర్‌లో ఇనుప పీచు వేసి, మూత బిగించకుండా (లోపల గ్యాసు పుడుతుంది) ఒక వారం పది రోజులు ఉంచి వడగట్టండి. ఆ నీళ్లు తోలు మీద గుడ్డతో రాస్తే కళ్ల ముందే నల్లబడుతుంది. బెరడులోని వగరు, ఇనుము కలిసి చేసే నలుపు అది, పైపైన పూసిన రంగు కాదు కాబట్టి చేతికి అంటదు. మా శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద బెల్లం నీళ్లలో ఇనుము నానబెట్టిన ద్రవంతో నల్ల గీతలు గీస్తారు కదా, సరిగ్గా అదే కిటుకు. నాకు మొదటిసారి అది వెలిగినప్పుడు చాలా సంతోషమేసింది, గుడ్డ మీదా తోలు మీదా పని చేసేది ఒకటే. నల్లబడ్డాక గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి రాసి, మంచినీళ్లతో తుడిచి నీడలో ఆరబెట్టండి, లేకపోతే మిగిలిన పులుపు తోలును పెళుసు చేస్తుంది. ముందు చిన్న ముక్క మీద చూసుకోండి.

ఇదే కారణంగా రంగు వద్దనుకునేవాళ్లు తడి తోలుకు ఇనుప సామాన్లు తగలనివ్వకూడదు. ఇనుప క్లిప్పు పెడితే దాని ఆకారంలో నల్ల మచ్చ పడిపోతుంది, ఎంత రుద్దినా పోదు.

జిగురుకి చెప్పులు కుట్టేవాళ్లు వాడే సొల్యూషనే, ఫెవికాల్ ఎస్ఆర్ రకం, చెక్కకు వాడే తెల్ల ఫెవికాల్ కాదు. మధ్య పట్టీ నున్న వైపును గరుకు కాగితంతో రుద్ది, రెండు ముఖాలకూ పలచగా రాసి, వేలికి అంటకుండా ఆరేదాకా పది పదిహేను నిమిషాలు ఆగి అప్పుడు కలపండి. కలిశాక జరపడం కుదరదు. సుత్తితో తట్టి, అంచులో మూడు పొరలూ సమానంగా వచ్చేదాకా కోసి, గరుకు కాగితంతో రుద్దండి.

ఇక కుట్టు. అంచు నుంచి 4 మిల్లీమీటర్ల లోపల గీత గీసి, 5 మిల్లీమీటర్లకో చుక్క పెట్టండి. మూడు పొరలు కలిసి 9 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, ఆరెతో నిటారుగా పొడవడం కొత్తవాళ్లకు కష్టం, కాబట్టి 1.5 మిల్లీమీటర్ల బిట్‌తో డ్రిల్ వేసుకోండి, తప్పేమీ లేదు. ఒర బల్లకు చదునుగా ఆనేలా పెట్టి కన్నం వేయండి, వంకరపోతే ముందు వైపు కుట్టు సూటిగా, వెనక వైపు పాములా వస్తుంది.

దారం 0.8 లేదా 1 మిల్లీమీటరు పాలిస్టర్, మైనం పట్టించింది. ఇంత మందానికి కుట్టు పొడవుకి ఏడింతలు దారం తీసుకోండి, 20 సెంటీమీటర్ల కుట్టుకి 1.4 మీటర్లు, సూదుల్లో పోయేదానికి ఇంకో పావు మీటరు. రెండు చివర్లా రెండు మొద్దు సూదులు. మొదటి కన్నంలో దూర్చి రెండు వైపులా సమానంగా లాగి, తర్వాత ప్రతి కన్నంలోనూ ముందు ఎడమ సూది, అదే కన్నంలో కుడి సూది, రెండూ లాగి బిగించాలి. వరస మార్చకూడదు, మారితే కుట్టు ఒకటి ఏటవాలుగా ఒకటి నిటారుగా వస్తుంది. మిషను కుట్టులో ఒకచోట దారం తెగితే వరసగా ఊడుతూ వస్తుంది, ఇందులో ఒకటి తెగినా పక్కది పట్టుకునే ఉంటుంది.

నాకు ఈ కుట్టు నేర్పింది మా బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన. ఒరను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఎడమ సూది దూర్చాక ఆ దారాన్ని కన్నంలో కొంచెం వెనక్కి లాగి పక్కకు పట్టుకుని, అప్పుడే రెండో సూది దూర్చేవాడు. "దారాన్ని దారం పొడవకూడదు నాయనా, పొడిస్తే బిగవదు, విప్పనూ రాదు" అన్నాడు. నేను అంతకుముందు ఆరేడు కుట్లు అలాగే పొడిచి పెట్టుకుని, లాగితే రావడం లేదని తంటాలు పడుతున్నాను. ఆయన వేళ్ల మధ్య మైనం దారం సర్రుమని పోయే చప్పుడు ఇప్పటికీ నాకు కొలత, ఆ చప్పుడు వస్తే కుట్టు సరిగ్గా పడుతున్నట్టు. చివర మూడు కన్నాలు వెనక్కి కుట్టి, దారం కోసి, కొసను లైటర్‌తో కొద్దిగా కరిగించి వేలి గోరుకు బదులు చెక్కతో అదమండి. ఒర మూతి దగ్గర కుట్టు రెండుసార్లు వేయండి, బలమంతా పడేది అక్కడే.

మొన దగ్గర మడతకూ కుట్టుకూ మధ్య 4 మిల్లీమీటర్ల కన్నం ఒకటి వదలండి, లోపలికి పోయిన నీళ్లు బయటికి రావాలి.

ఇప్పుడు ఒరకు కత్తి ఆకారం తేవడం. కత్తికి నూనె రాసి, వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ రెండు మూడు చుట్లు గట్టిగా చుట్టండి. ఒరను గోరువెచ్చని నీళ్లలో ముంచితే బుడగలు వస్తాయి, అవి ఆగాక తీసేయండి, నిమిషం రెండు నిమిషాల కంటే ఎక్కువ పట్టదు. నీళ్లు మరీ వేడిగా ఉంటే తోలు ముడుచుకుపోతుంది. కత్తి దూర్చి, అలుగు పిడిలోకి కలిసే చోట, పిడి చుట్టూ బొటనవేళ్లతో, నున్నటి చెక్క చెంచా వెనక వైపుతో నొక్కుతూ పోండి. తడి తోలు మట్టిముద్దలా మాట వింటుంది. గంటో రెండు గంటలో అయ్యాక ఆకారం నిలబడుతుంది, కత్తి మెల్లగా తీసేసి ఒరను ఒక రోజంతా నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు, పైన గట్టిపడి మడత దగ్గర చిట్లుతుంది.

ఆరాక అంచు పని. 120 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 240, 400 దాకా రుద్ది, అంచు కొద్దిగా తడిపి, మందపాటి జీన్స్ గుడ్డతో వేడి పుట్టేదాకా రుద్దండి. మూడు పొరలూ కలిసిపోయి ఒకటే చెక్కలా నిగనిగలాడుతుంది. ఆ పైన తేనె మైనం పట్టించి మళ్లీ రుద్దండి. ఒర మొత్తానికి నూనె పలచగా ఒక్క పూత చాలు, తోలుకు వాడే నీట్స్‌ఫుట్ ఆయిల్ అయితే మంచిది. నూనె ఎక్కువైతే అంత కష్టపడి తెచ్చిన ఆకారం మెత్తబడిపోతుంది.

కత్తి దూర్చి ఒరను తలకిందులుగా పట్టుకుని, కింద మెత్తటి దుప్పటి వేసి, కాళ్లు దూరంగా పెట్టి విదిలించి చూడండి. జారకూడదు, అలాగని తీయడానికి రెండు చేతులూ పట్టకూడదు. వదులైతే ఒర పై భాగం మాత్రమే మళ్లీ తడిపి నొక్కండి. బిగుతైతే ఫిల్మ్ ఇంకో రెండు చుట్లు చుట్టి అలాగే తడిపి దూర్చండి.

నడుముకు ఉన్నంతసేపే కత్తి ఒరలో ఉండాలి. ఇంటికొచ్చాక తీసి, తుడిచి, అలుగుకు కాస్త నూనె రాసి విడిగా పెట్టండి. బెరడు తోలు కూడా గాల్లో తేమ పీల్చుకుంటుంది, కమాను పట్టా ఇనుము రెండు వాన రాత్రుల్లోనే తుప్పు పట్టేస్తుంది.